కంప్యూటర్‌కి వైరస్, మావయ్యగారికి నింద

ఆ ఆదివారం మా ఆడపడుచు రావులపాలెం నుంచి వచ్చింది. వాళ్ల మరిది నిశ్చితార్థం ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చింది. ఫోన్‌లో అయితే అత్తయ్యగారికి సరిగా ఆనవు కాబట్టి, భోజనాలయ్యాక అందరం హాల్లో కంప్యూటర్ దగ్గర చేరాం. అత్తయ్యగారు కుర్చీలో కూర్చున్నారు, పక్కనే స్టూలు మీద ఆడపడుచు. మావయ్యగారు వెనకాల దివాన్ మీద ఉన్నారు. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆయన భుజానికి ఆనుకుని నిలబడింది. మా ఆయన గుమ్మంలో నిలబడి ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నారు. మౌస్ నా చేతిలో ఉంది.

పది ఫొటోలు కూడా చూడలేదు, స్క్రీన్ కింద కుడి మూల నుంచి చిన్న డబ్బా ఒకటి పైకి లేచింది. అందులో ఒంటి మీద సరిగా బట్టల్లేని ఆడమనిషి బొమ్మ. నేను గబుక్కున దాన్ని మూయబోయాను. మూసుకోకపోగా బ్రౌజర్ తెరుచుకుని స్క్రీన్ నిండా అలాంటి బొమ్మలే వచ్చాయి. ఒకటి మూస్తే రెండు. ఏం చేయాలో తోచక మానిటర్ స్విచ్ నొక్కేశాను.

అత్తయ్యగారు లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆడపడుచు నల్లబడ్డ స్క్రీన్ వైపే చూస్తూ, "నాన్నగారు పొద్దస్తమానం దీని ముందే కూర్చుంటున్నారంట కదా వదినా" అంది. అడిగినట్టు లేదు, చెప్పినట్టూ లేదు. ఆ మాటకి నేను వెంటనే ఏదో ఒకటి అనాల్సింది. అనలేదు. వెనక్కి తిరిగి చూశాను. మావయ్యగారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటున్నారు.

మావయ్యగారు ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలువ గట్ల మీదే గడిచింది. మాట తక్కువ మనిషి. ఏ కాలువ కింద ఎన్ని తూములున్నాయో, ఏ వరదకి ఎక్కడ గట్టు తెగిందో, రాత్రికి రాత్రి ఇసక బస్తాలు ఎవరు మోశారో అన్నీ ఆయనకి నోటికి వచ్చు. ఇవన్నీ రాసిపెట్టమని నేనే ఒకసారి అన్నాను. డెబ్బై ఏళ్ల వయసులో ఒక్క వేలితో తెలుగు టైపింగ్ నేర్చుకున్నారు. రోజూ టిఫినయ్యాక గంటన్నర, మధ్యాహ్నం కాఫీ తాగాక మరో గంట కూర్చునేవారు. రోజుకి అర పేజీ అయితే ఆయనకి పండగే. పక్కన మా అమ్మాయి కూర్చుని ఎక్కాలూ భాగహారాలూ చేసుకునేది, తప్పొస్తే ఆయన దిద్దేవారు.

ఆ కంప్యూటర్ అసలు నా పని కోసం కొన్నది. నేను బీయస్సీ కంప్యూటర్స్ చదివాను. పెళ్లికి ముందు భీమవరంలో ఒక రొయ్యల మేత డీలర్ ఆఫీసులో మూడేళ్లు పనిచేశాను. పెళ్లయి ఈ ఊరొచ్చాక ఇంట్లోనే ఉండి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు టైప్ చేసిచ్చేదాన్ని. మా ఆయనకి రొయ్యల చెరువులు. ఆయన ఎప్పుడైనా వచ్చి రొయ్యల రేట్లు చూసుకునేవారు, తెగుళ్ల గురించి వీడియోలు చూసేవారు. అందరికీ కలిపి ఒకటే అకౌంటు, దానికి పాస్‌వర్డ్ కూడా లేదు.

నిజం చెప్పాలంటే అలాంటి డబ్బా లేవడం అదే మొదటిసారి కాదు. ఆ వారంలోనే రెండుసార్లు ఏవో ప్రకటనలు వస్తే మూసేసి ఊరుకున్నాను. చేతిలో టైపింగ్ పని ఎక్కువగా ఉండి పట్టించుకోలేదు.

మర్నాడు అందరూ ఎవరి పనిలో వాళ్లుండగా కూర్చున్నాను. బ్రౌజర్‌లో నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి ఉన్న సైట్ల పేర్లు చూస్తే, నేను ఎన్నడూ వినని పేర్లు ఆరున్నాయి. అన్నీ తీసేశాను. బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల్లో, వాటిని ఎక్స్‌టెన్షన్లు అంటారు, మేం ఎవరం పెట్టనిది ఒకటుంది. దాన్నీ తీసేశాను. యాంటీవైరస్‌తో సిస్టమ్ ఉన్న సీ డ్రైవ్ మొత్తం వెతికించాను. రెండు గంటలు తిప్పి ఏమీ లేదని చెప్పింది. పీడ వదిలిందనుకున్నాను. మంగళవారం పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే ఆ ఎక్స్‌టెన్షన్ మళ్లీ అక్కడే కూర్చుని ఉంది.

రెండుసార్లు తీశాను, రెండుసార్లూ వచ్చింది. మా ఆయనతో చెప్తే ఇదంతా నీవల్ల కాదు, షాపులో ఇచ్చేద్దాం అన్నారు. సీపీయూని దుప్పట్లో చుట్టి, బండి మీద నా ఒళ్లో పెట్టుకుని భీమవరం తీసుకెళ్లాం. రిపేరు చేసే ఆయన నలభై ఏళ్ల మనిషి. పనిమంతుడనే పేరుంది. మా మాట సగం విని, ఫార్మాట్ చేస్తే పోతుందన్నాడు. సీ డ్రైవ్ మొత్తం తుడిచి సిస్టమ్ కొత్తగా ఎక్కిస్తాననీ, మా ఫైళ్లన్నీ ఉన్న డీ డ్రైవ్ జోలికి వెళ్లననీ చెప్పాడు. ఇది అసలు ఎలా వచ్చిందని మా ఆయన అడిగారు.

"ఇలాంటివి ఊరికే రావండి. ఇంట్లో ఎవరో ఒకరు ఆ సైట్లు చూస్తేనే వస్తాయి. పెద్దవాళ్లున్నా సరే, ఓ కన్నేసి ఉంచండి" అన్నాడు.

ఆ మాట తప్పని నాకు తెలిసి ఉండాల్సింది. చదువుకున్నదాన్ని. ఇలాంటివి వంద దారుల్లో వస్తాయని ఆ నిమిషంలో నాకు తట్టి ఉండాల్సింది. కానీ అనుభవమున్న మనిషి అంత నమ్మకంగా చెప్పేసరికి నాకూ నిజమే అనిపించింది. తిరిగొస్తుంటే మా ఆయన, ఊరి పొలిమేరలో కాలువ వంతెన దిగాక బండి నెమ్మది చేసి, "నాన్న ముందు ఈ మాట ఎత్తకు. అమ్మతో నేను చెప్తాను" అన్నారు. ఏం చెప్తారో నేను అడగలేదు.

కంప్యూటర్ తిరిగొచ్చిన మర్నాడు నా పనికి కావలసిన ప్రోగ్రాములన్నీ మళ్లీ ఎక్కించుకున్నాను. తెలుగు ఫాంట్లు, టైపింగ్‌ది, పీడీఎఫ్‌ని మామూలు ఫైలుగా మార్చేది, ప్రింటర్‌ది. అన్నీ డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో దాచుకున్నవే. మావయ్యగారు రాసుకున్న పేజీలు డీ డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ తర్వాతి రోజు ఆయనకి చూపిస్తే సంతోషించి మళ్లీ టైపింగ్ మొదలుపెట్టారు.

నాలుగో రోజు ఆయన టైప్ చేస్తుండగానే ఆ డబ్బా లేచింది.

నేను వంటింట్లో ఉన్నాను. "అమ్మాయ్, ఓసారి ఇలా రా" అని పిలుపు వినబడింది. వెళ్లేసరికి ఆయన కుర్చీలోంచి లేచి, గోడకి ఆనుకుని, కంప్యూటర్‌కి వీపు పెట్టి నిలబడి ఉన్నారు. స్క్రీన్ మీద అదే బొమ్మ. నా వెనకే అత్తయ్యగారు వచ్చారు. ఆవిడ స్క్రీన్ చూసి, ఆయన్ని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయారు. నేను తప్పించుకోలేని నిజం ఒకటుంది. ఆ నిమిషంలో నేను కూడా నమ్మాను. ఫార్మాట్ చేసిన కంప్యూటర్‌లోకి, ఆయన కూర్చున్నాకే మళ్లీ ఎలా వస్తుందని అనుకున్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ పెద్దగా అరవలేదు. ఒక్కరు కూడా ఆయన్ని ఫలానా పని చేశారా అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది, అడిగితే ఆయన జవాబు చెప్పేవారు. అత్తయ్యగారు తన పడక మా అమ్మాయి గదిలోకి మార్చుకున్నారు, మోకాళ్ల నొప్పులకి పాత మంచం ఎత్తు సరిపోవట్లేదన్నారు. మా ఆయన తండ్రితో చెరువుల కబుర్లు చెప్పడం మానేశారు. కార్తీక సోమవారానికి ఏటా అత్తయ్యగారూ మావయ్యగారూ కలిసి ద్రాక్షారామం గుడికి వెళ్లేవారు. ఆ ఏడు అత్తయ్యగారు కూతురితో కలిసి కారులో వెళ్లారు. మావయ్యగారు తెల్లారకుండానే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వసారాలోకి వచ్చారు. "మీరెందుకులెండి, ప్రయాణం పడదు" అని ఆవిడ కారెక్కేశారు. ఆయన కాసేపు అక్కడే నిలబడి, లోపలికెళ్లి పంచె మార్చుకున్నారు.

నేనేం చేశానంటే, ఒకరోజు సాయంత్రం మా అమ్మాయి లెక్కల పుస్తకం తీసుకుని ఆయన గదిలోకి వెళ్తుంటే పిలిచాను. "అక్కడొద్దు, ఇక్కడ నా దగ్గర కూర్చుని చేసుకో" అన్నాను. గొంతు మామూలుగానే ఉండేలా చూసుకున్నాను. ఆయన గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకుంటున్న ఆయన, నా మాట విని, దాన్ని తీసి పెట్టెలో పెట్టేశారు.

ఆ మర్నాటి నుంచి మావయ్యగారు కంప్యూటర్ ముట్టుకోలేదు. హాల్లో కూర్చోవడమే మానేసి, కుర్చీ వసారాలోకి వేయించుకున్నారు. పేపరు అక్కడే, కాఫీ అక్కడే. హాల్లోంచి నడిచి తన గదికి వెళ్లాలంటే కంప్యూటర్ దగ్గర అడుగు వేగం పెంచేవారు.

రెండు వారాలు గడిచాయి. ఆయన ముట్టుకోని కంప్యూటర్‌లో డబ్బాలు లేస్తూనే ఉన్నాయి.

అది గమనించిన మొదటి మనిషిని నేనే, ఎందుకంటే ఆ రోజుల్లో దాని ముందు కూర్చునేది నేనొక్కదాన్నే. తప్పు జరిగిందని అప్పుడే తెలుసుకోవాల్సింది. కానీ నా మనసు అటు పోలేదు. మావయ్యగారు కాకపోతే మరెవరు అనే దగ్గర ఆగిపోయింది. ఇంట్లో మిగిలిన మగమనిషి మా ఆయన ఒక్కరే. రొయ్యలకి ఆక్సిజన్ తగ్గుతుందని సగం రాత్రుళ్లు చెరువు దగ్గరే ఉండి, తెల్లారగట్ల వచ్చి కాసేపు పడుకునే మనిషి. అయినా అనుమానపడ్డాను. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు బ్రౌజర్‌లో చూసిన సైట్ల జాబితా తెరిచాను. రొయ్యల రేట్లు, తెల్లమచ్చ తెగులు, చెరువు నీళ్లు చిలికే ఏరేటర్ మోటారు రిపేరు, వర్షం ఎప్పుడు పడుతుంది. అంతే. ఇంకా కిందికి జరుపుకుంటూ పోయాను. ఎక్కడా ఏమీ లేదు. చెరువు నీళ్లు ఆకుపచ్చగా మారితే ఏం చేయాలని ఆయన వెతికిన మాటలు వరసగా పదిహేను ఉన్నాయి. వాటిని చదువుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. మనుషుల్ని వెతకడం ఆపి కంప్యూటర్‌ని వెతకాలని ఆ రోజు అనుకున్నాను.

ఒక నోటు పుస్తకం పక్కన పెట్టుకున్నాను. పొద్దున ఇంటి పనయ్యాక రెండు గంటలు, అలా ఆరేడు రోజులు పట్టింది. ముందు నెట్ తీసేసి చూశాను. డబ్బాలు రాలేదు. నెట్ ఉన్నప్పుడు ఎక్స్‌టెన్షన్ తీసేసి, కంప్యూటర్ ఆపకుండా ఉంచాను. కొన్ని గంటలు రాలేదు. ఆపి మళ్లీ ఆన్ చేయగానే వచ్చింది. అంటే ఎవరో ఏదో సైటు చూసినందువల్ల రావట్లేదు, కంప్యూటర్ లేచినప్పుడల్లా లోపలున్నది ఏదో దాన్ని తెచ్చి పెడుతోంది. ఆ వాక్యం పుస్తకంలో రాసుకుని దాని కింద గీత గీశాను.

తర్వాత ఆ లోపలున్నదేమిటో వెతికాను. ఫోన్‌లో ఇంగ్లీషు ఫోరమ్‌లు తెరిచి, ఇలాంటి బాధే పడ్డవాళ్లు రాసుకున్నవి చదువుకుంటూ ఒక్కో చోటా చూశాను. కంప్యూటర్‌తోపాటు లేచే ప్రోగ్రాముల జాబితాలో కొత్తవేమీ లేవు. ఫలానా వేళకి ఫలానా పని చెయ్యమని సిస్టమ్‌కి పురమాయించే చోటు మరొకటి ఉంటుంది. టాస్క్ షెడ్యూలర్. అందులో అప్‌డేట్ అనే పేరు పెట్టుకుని ఒక పని ఉంది. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు ఒకసారి, తర్వాత నాలుగు గంటలకోసారి. అది ఎక్కడున్న ఫైలుని లేపుతోందో చూస్తే, అర్థం పర్థం లేని అక్షరాల పేరుతో దాచిపెట్టిన ఫోల్డర్ ఒకటి బయటపడింది. యాంటీవైరస్ దాన్నెందుకు పట్టలేదో కూడా అప్పుడే తెలిసింది. వెతకనవసరం లేని చోట్లని యాంటీవైరస్‌కి ముందే చెప్పిపెట్టే జాబితా ఉంటుంది. ఆ ఫోల్డర్ పేరు ఆ జాబితాలో ఉంది.

ఫోల్డర్ ఎప్పుడు పుట్టిందో చూశాను. ఫార్మాట్ అయి కంప్యూటర్ ఇంటికొచ్చిన మర్నాడు, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకి.

ఆ రోజు మావయ్యగారు కంటి పరీక్షకి రాజమండ్రి వెళ్లారు. పొద్దున మొదటి బస్సుకి వెళ్లి చీకటి పడ్డాక వచ్చారు. డాక్టరు చీటీ ఫ్రిజ్ మీద ఉంటే వెళ్లి తేదీ చూసుకొచ్చాను. అదే తేదీ. మా ఆయన ఆ వేళకి చెరువు దగ్గర ఉంటారు. అత్తయ్యగారు కంప్యూటర్ ముట్టుకోరు. పదకొండు గంటల ఇరవై నిమిషాలకి ఆ కుర్చీలో కూర్చుని ఉన్నది నేను.

ఆ నిమిషంలో పుట్టిన ఫోల్డర్లు ఇంకేమున్నాయో చూశాను. ఒకటే ఉంది. పీడీఎఫ్‌ని మార్చే సాఫ్ట్‌వేర్‌ది. కొనాల్సిన దాన్ని ఊరికే వాడుకునేలా తాళం విరగ్గొట్టి ఎవరో నెట్‌లో పెడితే, ఆడపడుచు వచ్చిన ఆదివారానికి నెల ముందు నేను దింపుకున్నాను. దాంతోపాటు వచ్చిన చిన్న కాగితం లాంటి ఫైలులో, యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి అని రాసి ఉంది. ఆపాను. రెండుసార్లూ ఆపాను. భీమవరం ఆయన సీ డ్రైవ్ శుభ్రంగానే తుడిచాడు. డీ డ్రైవ్‌లో నేను దాచుకున్న ఫోల్డర్ తెరిచి, నా చేత్తో నేనే మళ్లీ ఎక్కించాను.

ఆ కుర్చీలో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వసారాలోంచి మావయ్యగారి దగ్గు వినబడుతూ ఉంది.

తీయడం అంత తేలిగ్గా అవలేదు. ముందు ఆ ఫోల్డర్ చెరిపేస్తే, షెడ్యూలర్‌లో ఉన్నది దాన్ని నెట్‌లోంచి మళ్లీ దింపింది. షెడ్యూలర్‌లోది తీసేస్తే, అప్పటికే నడుస్తున్న ఫైలు దాన్ని మళ్లీ పెట్టింది. చివరికి నెట్ తీసేసి, అవసరమైనవి తప్ప మరేవీ నడవని సేఫ్ మోడ్‌లో తెరిచి, పుస్తకంలో రాసుకున్న వరసలో ఒక్కోటీ చెరిపాను. షెడ్యూలర్‌లోది, ఫోల్డరు, ఎక్స్‌టెన్షన్‌ని బలవంతంగా నిలబెడుతున్న సెట్టింగు, ఎక్స్‌టెన్షను, యాంటీవైరస్ జాబితాలోని పేరు. ఆఖరున డీ డ్రైవ్‌లో అసలు ఫైలు మీద యాంటీవైరస్ పెడితే వెంటనే ఎర్ర గుర్తు చూపించింది. దాన్నీ తీసేసి, పాస్‌వర్డులన్నీ ఫోన్ నుంచి మార్చుకున్నాను. వారం రోజులు చూశాను. ఒక్క డబ్బా కూడా లేవలేదు.

ఆ వారం రోజులూ ఎవరికీ చెప్పలేదు. పూర్తిగా పోయిందని తేలాక చెప్దామని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. భయపడ్డాను.

ముందు మా ఆయనకి చెప్పాను. క్యారేజీ తీసుకుని చెరువు దగ్గరికి వెళ్లి, షెడ్డులో ఆయన తింటుండగా మొత్తం చెప్పాను. ఏరేటర్ల హోరులో కొన్ని మాటలు రెండేసి సార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన తినడం ఆపారు. కాసేపు నీళ్ల వైపు చూశారు.

"అయితే నాన్న కాదన్నమాట" అన్నారు.

"కాదండి. ఎప్పుడూ కాదు."

"పోనీలే. పోయింది కదా. మళ్లీ ఈ మాటెత్తి ఆయన్ని బాధపెట్టడం ఎందుకు? నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు."

"ఆయన మర్చిపోరండి" అన్నాను. మా ఆయన క్యారేజీ మూసేశారు. చెయ్యి కడుక్కుని, చెప్పాలనుకుంటే నువ్వే చెప్పు, నావల్ల కాదు అన్నారు. కోపంతో అన్నది కాదు. తండ్రి కళ్లలోకి చూసే ధైర్యం ఆయనకి లేదని అర్థమైంది. నాకూ లేదు, కానీ తప్పు నాది.

ఆ సాయంత్రమే వసారాలోకి వెళ్లాను. మావయ్యగారు పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నారు. నేను అరుగు మీద కూర్చున్నాను.

"మావయ్యగారూ, కంప్యూటర్‌లో ఆ బొమ్మలు నావల్ల వచ్చాయండి. నేను ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మీకేం సంబంధం లేదు."

ఆయన కదల్లేదు. "మరి ఆ రిపేరాయన, చూస్తేనే వస్తాయన్నాడంటగా" అన్నారు. ఆ మాట ఆయన దాకా వచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు.

"అతను చెప్పింది తప్పండి. ఎవరూ ఏమీ చూడలేదు. పుస్తకంలో తేదీలతో సహా రాసుకున్నాను, చూపిస్తాను."

"వద్దమ్మా" అన్నారు. ఒళ్లో పేపరు ఇంకో మడత పెట్టారు. "నేను చూడలేదని నాకు తెలుసు. కానీ ఒక్క వేలితో కొట్టుకునేవాణ్ని, తెలియక ఎక్కడ నొక్కానోనని నాకే అనుమానం వచ్చింది. నా చేత్తోనే వచ్చిందేమో, పసిపిల్ల చూసిందేమో అని. అందుకే ఎవరితోనూ ఏమీ అనలేకపోయాను."

నాకు ఏడుపొచ్చింది. క్షమించమని అడిగాను. ఆయన అవునని అనలేదు, కాదని అనలేదు. "పిల్లని పంపు. భాగహారాల్లో వెనకబడ్డట్టుంది" అన్నారు.

లోపలికెళ్లి మా అమ్మాయితో, పుస్తకం తీసుకుని తాతగారి దగ్గరికి వెళ్లమన్నాను. అది పుస్తకం గుండెకి పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరిగి, "నిజంగా వెళ్లొచ్చా?" అని మెల్లగా అడిగింది. తొమ్మిదేళ్ల పిల్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా అంతా తెలిసింది.

అత్తయ్యగారితో చెప్తే ముందు నమ్మలేదు. పుస్తకం, డాక్టరు చీటీ రెండూ చూపించి మళ్లీ చెప్పాను. మంచం అంచున కూర్చుని విన్నారు. "మరి ఆయనైనా నోరు తెరిచి చెప్పొచ్చుగా" అన్నారు. మనం అడిగామా అండి అన్నాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆ పూట ఆయనకి కాఫీ ఆవిడే తీసుకెళ్లి, కప్పు ఆయన చేతికిచ్చి, ఏమీ అనకుండా అక్కడే కాసేపు నిలబడ్డారు. పడక మాత్రం వెనక్కి మారలేదు. నిజంగానే మోకాళ్ల నొప్పులున్నాయని చెప్పుకుంటూ వచ్చారు.

రావులపాలేనికి ఫోన్ చేశాను. మా ఆడపడుచు అంతా విని, "నాన్న గురించి నేనేమన్నాను వదినా? నేనేమీ అనుకోలేదే" అంది. అబద్ధం చెప్తోందని నాకు అనిపించలేదు. నిజంగానే ఆవిడ ఏమీ అనలేదు. మేమెవరం ఏమీ అనలేదు. అందుకే వెనక్కి తీసుకోవడానికి మా ఎవరి దగ్గరా ఏ మాటా లేకపోయింది.

కంప్యూటర్ దగ్గరికి మాత్రం ఆయన మళ్లీ రాలేదు. నేను రెండు మూడుసార్లు పిలిచాను. కళ్లు లాగుతున్నాయన్నారు. కాలువల గురించి రాసినవి సగంలో ఆగిపోయాయి. మీరు చెప్పండి, నేను టైప్ చేస్తానంటే, ఏముందమ్మా అందులో, అందరికీ తెలిసినవే అన్నారు. అందరికీ తెలియవు. ఆయనకొక్కరికే తెలుసు. మనవరాలితో మాత్రం మునుపటిలాగే ఉంటారు. అది ఇప్పుడు ఎనిమిదో తరగతి, లెక్కల్లో క్లాసులో ముందుంటుంది. కానీ ఆయన గది తలుపు ఎంత గాలి వీచినా, ఆ పిల్ల లోపలున్నంతసేపూ బార్లా తీసే ఉంటుంది. తెరిచి పెట్టేది ఆయనే. ఒకసారి గాలికి మూసుకుంటే లేచి ఇటుక అడ్డం పెట్టారు.

క్రితం ఏడు మా ఆయన తండ్రికి స్మార్ట్‌ఫోన్ కొనిచ్చారు. దాంట్లో వార్తలు వింటారు, పాత సర్వీసు వాళ్లతో మాట్లాడతారు. స్క్రీన్ మీద తను నొక్కనిది ఏదైనా వచ్చిందంటే చాలు, ఫోన్ పట్టుకుని నేనెక్కడుంటే అక్కడికి వస్తారు. చెయ్యి బారుగా చాపి, ఫోన్ తన మొహానికి దూరంగా పట్టుకుని నాకు చూపిస్తారు.

"చూడమ్మా, ఇది దానంతటదే వచ్చింది."

చాలాసార్లు అది వాన పడుతుందనే కబురు, లేదంటే ఫోన్ అప్‌డేట్ చేసుకోమనేది. అదే చెప్తాను. ఆయన వెంటనే వెళ్లరు. నేను మొత్తం చదివేదాకా, చదివి మూసేసేదాకా అక్కడే నిలబడతారు.